విత్తులో చెట్టు కనిపిస్తుందా?

“కంప్యూటర్‌లో మనం ఏది పెడితే అదే బయటికొస్తుంది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?” పాలిమర్ గొలుసుల మీద సిమ్యులేషన్లు చేసే పిల్లలు సెమినార్లలో, ఇంటర్వ్యూల్లో, వైవాల్లో పదేపదే వినే మాట ఇది. నా విద్యార్థిని ఒకమ్మాయి మూడేళ్లు కష్టపడింది. ఒంటరి పాలిమర్ గొలుసు వేడిలో వదులుగా చుట్టలు చుట్టలుగా ఉండి, చల్లబడితే ఎక్కడ బిగిసి ఉండ కడుతుందో లెక్కగట్టింది. వైవాలో ఎగ్జామినర్ గారు రెండో స్లైడు దగ్గరే ఆపేశారు. “ఇదంతా సరేనమ్మా, ల్యాబులో ఏం చేశావో అది చూపించు” అన్నారు. “సార్, ఇదే నా ల్యాబు” అని ఆ అమ్మాయి చెప్పబోతే ఆ విత్తు, చెట్టు సామెతే చెప్పారు. డిగ్రీ వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం మళ్లీ ఈ రంగం మొహం చూడలేదు.

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పే ముందు అవతలివాళ్ల వాదాన్ని ఏమీ తగ్గించకుండా చెప్పడం న్యాయం.

పాలిమర్ అంటే చిన్న అణువులు వందలు, వేలు, లక్షలుగా గొలుసుకట్టుకున్న పెద్ద అణువు. టైరులో రబ్బరు, ప్లాస్టిక్ సంచి, పాయా చల్లారితే గడ్డకట్టించే జెలటిన్, మన ఒంట్లో డీఎన్‌ఏ, ప్రొటీన్లు అన్నీ ఆ జాతివే. సిమ్యులేషన్ చేసేవాళ్లు ఇందులోని కర్బనాన్నీ హైడ్రోజన్‌నూ పక్కనబెట్టి గొలుసును పూసలదండగా తీసుకుంటారు. ఏ పూస ఏ పూసను ఎంత లాగుతుందో తామే నిర్ణయిస్తారు. ఆ నియమాలనే యంత్రం కోట్లసార్లు తిప్పుతుంది. కాబట్టి వాళ్లనేది ఇదీ: ఒకటి, ఫలితం నియమాల్లో ముందే ఉంది. రెండు, పూసలదండకూ అసలు పాలిమర్‌కూ పొంతన లేదు. మూడు, నీరు మంచుగా మారడంలాంటి దశ మార్పు గణితం ప్రకారం అనంతమైన వ్యవస్థలోనే జరుగుతుంది, నూటపాతిక పూసల దండలో దాని గురించి మాట్లాడటమే పొరపాటు. ఈమధ్య నాలుగోది కూడా చేరింది: కృత్రిమ మేధ ప్రొటీన్ ఆకారాలే చెప్పేస్తుంటే ఇంకా ఈ పూసలెందుకు?

వీటిలో ఏదీ తెలివితక్కువ మాట కాదు. మూడోదానికి గట్టి గణితం అండగా ఉంది. సరిగ్గా పరీక్షించని సిమ్యులేషన్లు అచ్చవుతున్న మాట కూడా నిజం. అయినా “ఇది సైన్సు కాదు, యానిమేషన్” అన్న ముగింపు ఈ నాలుగింటిలో దేని నుంచీ రాదు.

1. పెట్టిందే వస్తుందా?

ఒక గళ్ల కాగితం తీసుకోండి. నాలుగు పూసల దండను గీతలు కలిసే చుక్కల మీద పరుద్దాం. దండలో వరసగా ఉన్న పూసలు పక్కపక్క చుక్కల మీదే ఉండాలి. ఒక చుక్క మీద రెండు పూసలు కూర్చోకూడదు. మొదటి పూసను ఒకచోట పెట్టేశాక రెండోదానికి 4 చోట్లు, మూడోదానికి 3, నాలుగోదానికి 3. మొత్తం 36 ఆకారాలు. ఇందులో 8 మాత్రం గుర్రపు నాడాలా వంగి మొదటి పూస, చివరి పూస పక్కపక్కకు వస్తాయి. తక్కిన 28లో కొసలు తగలవు.

ఇప్పుడు ఒకే ఒక్క భౌతిక నియమం చేరుద్దాం. కొసలు పక్కపక్కకొస్తే గొలుసు శక్తి కొంత తగ్గుతుంది. అందువల్ల అలాంటి ఒక్కో ఆకారానికి మిగతావాటికంటే ‘క’ రెట్లు మొగ్గు ఉంటుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు క విలువ 1 దగ్గర ఉంటుంది, చల్లబడేకొద్దీ పెరుగుతుంది. అప్పుడు మొత్తం బరువు 28 + 8క. గొలుసు సగం సమయం వంగి, సగం సమయం చాచుకుని ఉండాలంటే 8క, 28కి సమానం కావాలి. అంటే క = 3.5.

ఈ మూడున్నరను ఎవరు పెట్టారు? నేను పెట్టింది రెండు నియమాలే. ఒకదాని మీద ఒకటి కూర్చోవద్దు, తగిలితే శక్తి తగ్గుతుంది. మూడున్నర లెక్కపెడితే వచ్చింది. చాచుకునే దారులు ఎక్కువ, వంగే దారులు తక్కువ. ఆ ఎక్కువతనం ఒకవైపు లాగుతుంది, శక్తి ఇంకోవైపు లాగుతుంది. ఏది ఎక్కడ గెలుస్తుందన్నది లెక్క పూర్తయ్యేదాకా ఎవరికీ తెలియదు.

“అయినా అది నియమాల్లో దాగి ఉన్నదేగా” అంటారు. ఉన్నదే. యూక్లిడ్ స్వీకృతాల్లో రేఖాగణితమంతా దాగి ఉంది. న్యూటన్ సూత్రంలో, యురేనస్ తడబాటులో నెప్ట్యూన్ ఎక్కడుందో దాగి ఉంది. 1846లో దూరదర్శిని అటు తిప్పి ఆ గ్రహాన్ని చూసినప్పుడు “ఇది సూత్రంలో ముందే ఉంది కదా” అని ఎవరూ తీసిపారేయలేదు. దాగి ఉండటం వేరు, తెలియడం వేరు. ఆ సామెత చెప్పేవాళ్లు ఈ రెంటినీ ఒకటి చేస్తున్నారు. వేపవిత్తు వేస్తే వేపచెట్టే మొలుస్తుంది, నిజమే. చేతిలో విత్తు పట్టుకుని చూస్తే ఆ చెట్టుకు ఎన్ని కొమ్మలొస్తాయో, ఏ వైపుకు వంగుతుందో కనిపిస్తుందా?

నాలుగు పూసలకు గళ్ల కాగితం చాలింది. కాగితం వదిలి మూడు దిక్కుల్లో పరిచే ఘనజాలకానికి వెళ్తే, 36 అడుగుల గొలుసుకు ఉన్న ఆకారాలు దాదాపు 3 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని. 2011లో ష్రామ్, బార్కెమా, బిస్సెలింగ్ కొత్త ఉపాయంతో వాటిని ఒక్కటీ వదలకుండా లెక్కగట్టారు. 36 అడుగులకే అంత. అసలు గొలుసుల్లో వేలు, లక్షల అడుగులుంటాయి. అన్నీ లెక్కపెట్టలేం కనుకే, ముఖ్యమైన ఆకారాలను వాటి బరువును బట్టి ఎంచుకునే పద్ధతులు పుట్టాయి. మెట్రోపొలిస్ బృందం పద్ధతి 1953లో వచ్చింది. దాన్ని యంత్రంలో నడిపిన ప్రోగ్రాం రాసింది అరియానా రోజెన్‌బ్లూత్. ఆమె, మార్షల్ రోజెన్‌బ్లూత్ కలిసి 1955లో గొలుసును పూస తర్వాత పూసగా పెంచే పద్ధతి ఇచ్చారు. పాలిమర్ సిమ్యులేషన్‌కు వయసు ఇప్పటికి ఏడు దశాబ్దాలు. దీన్ని నిన్నమొన్నటి కంప్యూటర్ సరదా అనడానికి వీల్లేదు.

పెట్టనిది బయటికి రావడం ఎలా ఉంటుందో చెప్పడానికి రెండు సంగతులు చాలు.

మొదటిది 1957 నాటిది. గట్టి గోలీలను ఊహించండి. ఒకదాన్నొకటి లాగవు, తగిలితే చెదురుతాయి, అంతే. ద్రవం గడ్డకట్టాలంటే అణువుల మధ్య ఆకర్షణ ఉండి తీరాలని అప్పటి భౌతికశాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మకం. ఆల్డర్, వెయిన్‌రైట్ ఒకపక్క, వుడ్, జాకబ్‌సన్ ఇంకోపక్క కంప్యూటర్‌లో లెక్కగడితే ఆ గోలీలు ఒక సాంద్రత దాటాక స్ఫటికంగా సర్దుకున్నాయి. రవ్వంత ఆకర్షణ కూడా లేకుండానే. ఆ ఏడాది అమెరికాలో జరిగిన ఒక సదస్సులో ఉలెన్‌బెక్ అధ్యక్షతన చేతులెత్తించి అడిగితే సభ రెండుగా చీలిపోయింది. పెద్దపెద్ద సిద్ధాంతవేత్తలున్న సభ అది. నియమం వాళ్లందరికీ తెలుసు, ఫలితం వాళ్లలో సగంమందికి నమ్మశక్యం కాలేదు. పెట్టిందే వచ్చి ఉంటే ఓటింగు ఎందుకు? తర్వాత 1986లో ప్యూసీ, వాన్ మేగెన్ ద్రవంలో తేలే సన్నని ప్లాస్టిక్ గోళాలతో దాన్ని సీసాలో చూపించారు. కంప్యూటర్ ముందు చెప్పింది, సీసా మూడు దశాబ్దాల తర్వాత ఒప్పుకుంది.

రెండోది మన గొలుసులదే. 2009లో టేలర్, పౌల్, బైండర్ 128 ఒకేరకం పూసల గొలుసును తీసుకున్నారు. పూసలు గట్టివి, దగ్గరకొస్తే అంటుకుంటాయి. వాళ్లు మార్చింది ఒక్కటే: ఆ అంటుకునే గుణం ఎంత దూరం దాకా పనిచేస్తుంది? పూస వ్యాసంలో 6 శాతానికి మించి పనిచేస్తే, చల్లబరిచేకొద్దీ గొలుసు ముందు వదులు చుట్ట నుంచి మెత్తని ఉండగా నెమ్మదిగా మారుతుంది, తర్వాత ఆ ఉండ ఒక్కసారిగా స్ఫటికమవుతుంది. రెండు మెట్లు. అంటుకునే దూరం 6 శాతంలోపే ఉంటే ఉండ దశ అసలుండదు. చుట్టగా ఉన్న గొలుసు ఒక్క గెంతులో స్ఫటికమైపోతుంది. నడిమి మెట్టే మాయం.

ఇక్కడ కాస్త ఆగాలి. చిన్న ప్రొటీన్లు చాలావరకు ఇలాగే, మధ్యలో ఆగకుండా ఒక్క గెంతులో మడతపడతాయి. ఆ గుణానికి కారణం అమైనో ఆమ్లాల ప్రత్యేక వరసే అని పాఠాల్లో చెబుతాం. టేలర్ బృందం గొలుసులో వరసే లేదు, అన్నీ ఒకేరకం పూసలు. అయినా ఒక్క గెంతు వచ్చింది. వరస లేకుండా ప్రొటీన్‌కు దాని సొంత ఆకారం రాదు, అది వేరే సంగతి. ఒక్క గెంతు అనే గుణానికి మాత్రం ఆకర్షణ పొట్టిదైతే చాలు. ఆ 6 శాతం అన్న హద్దును ప్రోగ్రాంలో ఎవరూ రాయలేదు. రాసి ఉంటే దాన్ని కనుక్కోవడానికి వాంగ్–లాండౌ పద్ధతిలాంటి భారీ లెక్క అవసరమయ్యేది కాదు.

2. పూసలదండ పాలిమర్ కాదు కదా?

కాదు. పాలీస్టైరీన్‌ను సైక్లోహెక్సేన్‌లో కరిగిస్తే 34.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర గొలుసు తనలో తాను లాక్కోవడం, తోసుకోవడం సరిగ్గా సరిసమానమవుతాయి. దాన్ని థీటా ఉష్ణోగ్రత అంటారు. ఆ 34.5ను పూసలదండ చెప్పలేదు. చెప్పగలనని దాంతో పనిచేసేవాళ్లూ అనరు. ఏ ప్రశ్నకు ఏ నమూనా అన్నదే ఇక్కడి విషయం. ఊళ్ల మధ్య దూరం చూపే పటంలో ఇళ్ల గుమ్మాలు లేవని పటం అబద్ధమవుతుందా?

పూసలదండ చెప్పగలిగినదేమిటో చూద్దాం. మంచి ద్రావణిలో గొలుసు పొడవు పెరిగేకొద్దీ దాని పరిమాణం ఎంతెంత పెరుగుతుంది? 1949లో ఫ్లోరీ చిన్న వాదనతో జవాబిచ్చాడు: పూసల సంఖ్యకు 0.6 ఘాతంగా. థీటా దగ్గర అది 0.5, బిగిసిన ఉండలో మూడోవంతు. 1974లో నోబెల్ అందుకున్న ఫ్లోరీ వాదన చూడముచ్చటగా ఉంటుంది. అయితే అందులో రెండు తప్పులున్నాయి. పూసల మధ్య తోపుడును ఎక్కువ అంచనా వేశాడు, గొలుసు సాగితే వచ్చే లాగుడునూ ఎక్కువ అంచనా వేశాడు. రెండూ ఒకదాన్నొకటి చాలామేరకు కొట్టేసుకోవడంతో జవాబు సరైనదానికి దగ్గరగా వచ్చింది. 1972లో డి జెన్ పాలిమర్ గొలుసుకూ అయస్కాంతాల సిద్ధాంతానికీ ఉన్న బంధాన్ని బయటపెట్టాక, ఆ దారిలో 1977కల్లా సిద్ధాంతం 0.588 దగ్గరకు చేరింది. 2010లో క్లిస్‌బీ 3 కోట్ల 30 లక్షల అడుగుల గొలుసుల దాకా సిమ్యులేట్ చేసి 0.587597 అని, ఆరో స్థానంలో చిన్న అనిశ్చితితో తేల్చాడు.

0.6కూ 0.5876కూ తేడా ఎంతలే అనిపించవచ్చు. పది లక్షల యూనిట్ల గొలుసుకు, ముందుండే గుణకం ఒకటే అనుకుంటే, ఆ తేడా పరిమాణంలో దాదాపు 19 శాతం. ఆక్రమించే జాగాలో చూస్తే మూడింట రెండొంతులు ఎక్కువ.

ఆ సంఖ్యకు రసాయనంతో పనిలేదు. పాలీస్టైరీనైనా మరొకటైనా, మంచి ద్రావణిలో పొడవైన వంగే గొలుసుకు ఘాతం అదే. ఏది రసాయనాన్ని బట్టి మారుతుంది, ఏది మారదు అన్న విభజన ఈ రంగానికి ఆయువుపట్టు. రసాయనమంతా తీసేసిన నమూనాలో కూడా అదే సంఖ్య రావడమే దానికి రుజువు. పూసల్లో రసాయనం లేకపోవడాన్ని లోపమంటున్నారు. నిజానికి ఆ రుజువు సాధ్యమైంది అది లేకపోవడం వల్లే.

బొమ్మ లెక్కలంటే చులకన ఉన్నవాళ్లు మద్రాసు విశ్వవిద్యాలయాన్ని గుర్తుచేసుకోవాలి. 1963లో రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ప్రొటీన్ గొలుసు ఏయే కోణాల్లో తిరగగలదో పటం వేశారు. అణువులను గట్టి గోళాలుగా తీసుకున్నారు. రెండు గోళాలు ఒకదాంట్లోకి ఒకటి చొరబడకూడదు. అంతే నియమం. నీరు లేదు, విద్యుదావేశాలు లేవు. ఇవాళ ప్రపంచంలో ఏ ల్యాబు కొత్త ప్రొటీన్ నిర్మాణం ప్రకటించినా రామచంద్రన్ పటం మీద పరీక్షించి తీరుతుంది. ఆ పటాన్ని గర్వంగా చెప్పుకునే మనమే పూసలదండను బొమ్మలాట అనడం సరికాదు.

“ల్యాబులో చూపించు” అన్న మాటకూ ఇక్కడే జవాబుంది. ఒంటరి గొలుసు ముడుచుకుంటుందని స్టాక్‌మేయర్ 1960లో చెప్పాడు. పాలీస్టైరీన్ గొలుసులో దాన్ని స్పష్టంగా చూడటం 1980లో ఎంఐటీలో తనాకా బృందంతోగానీ కాలేదు. ఇరవై ఏళ్లు ఎందుకు పట్టింది? ద్రావణిని చెడగొట్టి గొలుసును ముడుచుకునేలా చేద్దామంటే, అదే సమయంలో గొలుసులన్నీ ఒకదానికొకటి అంటుకుని అడుక్కి దిగిపోతాయి. అందుకే చుక్కకు సముద్రం అన్నంత పలుచగా కలపాలి. పలుచగా కలిపితే కొలవడానికి సంకేతం ఉండదు. హాంకాంగ్‌లో చి వూ బృందం 1990లలో మరో పాలిమర్‌తో, నీటిలో 32 డిగ్రీల చుట్టుపక్కల, చుట్ట నుంచి ఉండకు, ఉండ నుంచి చుట్టకు ఒంటరి గొలుసుల మార్పును అనుసరించింది. ఆ పాలిమర్ తలకిందులుగా ప్రవర్తిస్తుంది, వేడిచేస్తే ముడుచుకుంటుంది. అంత జాగ్రత్తగా చేసినా ముడుచుకున్న ఉండలో నీరు బాగానే మిగిలిపోయింది.

ఈ ప్రయోగాలు చేసినవాళ్ల ఓపికకు నమస్కారం. ఒక్క మాట మాత్రం చెప్పాలి. “ఒంటరి గొలుసు” అనేది ల్యాబులో అతి కష్టం మీద దగ్గరకు వెళ్లగలిగే హద్దు. సిమ్యులేషన్‌లో అదే మొదటి అడుగు. పక్క గొలుసు ప్రభావమా, నీటి ప్రభావమా, గొలుసు సొంత గుణమా అన్న ప్రశ్నకు, ఒక్కో కారణాన్ని తీసేసి చూడటమే జవాబు. సీసాలోంచి నీటిని తీసేసి ద్రావణాన్ని ఉంచలేం.

3. నూటపాతిక పూసల్లో దశ మార్పా?

గణితం మాట ముందు ఒప్పుకుందాం. 1952లో లీ, యాంగ్ చూపించింది నిజం. పరిమితమైన వ్యవస్థ బరువులన్నీ కూడితే వచ్చేది మన 28 + 8క లాంటి బహుపది. అన్నీ ధనసంఖ్యలే కనుక క ధనంగా ఉన్నంతవరకు అది సున్నా కాదు, ఎక్కడా విరుపు రాదు. సున్నా కావాలంటే క విలువ −3.5 కావాలి, అలాంటి ఉష్ణోగ్రత లేదు. పదునైన విరుపు అనంతంలోనే.

అయితే నీటి చెంబులోనూ అణువులు అనంతం కావు. మరీ ఎక్కువ కాబట్టి తేడా తెలియదు, అంతే. పరిమాణం పెంచుతూ పోతే పోకడ ఎటుందో చూడటమే పద్ధతి, ఆ పోకడ మన కాగితం మీదే కనిపిస్తుంది. ఐదు పూసల దండ వేయండి. ఆకారాలు 100. ఒక తగులు ఉన్నవి 32, లేనివి 68. సగం సమయం ముడుచుకోవాలంటే క 2.125 అయితే చాలు. నాలుగు పూసలకు 3.5, ఐదు పూసలకు 2.125. గొలుసు పొడవైతే ముడుచుకోవడానికి అంత చలి అక్కర్లేదన్నమాట. ఇది ఎక్కడికి పోయి నిలుస్తుందో తెలుసుకోవడానికే 1997లో గ్రాస్‌బెర్గర్ థీటా దగ్గర పది లక్షల పూసల గొలుసుల దాకా వెళ్లాడు. అనంతం గురించి మాట్లాడే హక్కును ఈ రంగం అలా కష్టపడి సంపాదించుకుంది.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటుంది. అనంతమే అసలు, పరిమితం నకలు అనుకోవడం. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ గొలుసులో ఉన్నవి 129 అమైనో ఆమ్లాలు. దానికి అనంతమైన అన్నయ్య ఎవరూ లేరు. 129 దగ్గర ఏం జరుగుతుందన్నదే అక్కడ ప్రశ్న. అలాంటప్పుడు 128 పూసల లెక్కను చిన్నదని తోసిపుచ్చేవాళ్లు, నీటికీ ఇనుముకూ సరిపోయే గజంబద్దతో ప్రొటీన్‌ను కొలుస్తున్నారు. పరిమిత గొలుసుకు దశ మార్పు అన్న మాటను ఎలా నిర్వచించాలి, పదును లేనిచోట మార్పును ఎలా గుర్తించాలి అన్న ప్రశ్నలు ఉన్నాయి. వాటి మీద పనిచేస్తున్నది కూడా ఈ సిమ్యులేషన్ల వాళ్లే.

4. కృత్రిమ మేధ ఉందిగా?

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆల్ఫాఫోల్డ్ 2020లో సాధించింది గొప్ప విజయం, 2024 నోబెల్ దానికి తగినదే. అది ప్రయోగశాలలు దశాబ్దాలుగా పోగుచేసిన నిర్మాణాల నుంచి నేర్చుకుని, గొలుసు చివరికి ఏ ఆకారంలో ఉంటుందో చెబుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర విప్పుకుంటుంది, ఒక్క గెంతులోనా రెండు మెట్లలోనా, ఎందుకు అన్నవి దాని ప్రశ్నలు కావు. స్థిరమైన ఆకారమే లేని ప్రొటీన్లూ ఉన్నాయి. అలాంటివి తరచూ ఉండే గుంపులు కణంలో ద్రవపు బొట్లలా ప్రవర్తిస్తాయని 2009లో బ్రాంగ్విన్, హైమన్‌ల బృందం పురుగు పిండంలో చూపినప్పటి నుంచి జీవశాస్త్రంలో దశ మార్పు మాట మారుమోగుతోంది. చివరి ఆకారమే లేనిచోట చివరి ఆకారం చెప్పే యంత్రం ఏం చేస్తుంది? అక్కడ పనికొస్తున్నవి మళ్లీ అంటుకునే పూసలు, అంటుకోని పూసలే.

5. ఈ మాట చేస్తున్న నష్టం

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. “పెట్టిందే వస్తుంది” అని నమ్మేచోట సిమ్యులేషన్‌ను ఎవరూ ప్రశ్నించరు. తీసిపారేసేవాడికి తప్పు వెతికే పని లేదు. మెచ్చుకునేవాడికి రంగుల బొమ్మ చాలు. అందుకే చాలాచోట్ల ఎమ్మెస్సీ పిల్లలకు ప్యాకేజీ ఎలా నడపాలో నేర్పుతున్నారు, వచ్చిన అంకెను ఎప్పుడు నమ్మకూడదో నేర్పడం లేదు. చెడు సిమ్యులేషన్లను చూపించి ఈ రంగాన్ని తప్పుపట్టేవాళ్లు, వాటిని పెంచుతున్నది ఈ చులకనే అని గుర్తించడం లేదు.

ఆ అమ్మాయి పనిలో ఒక రాత్రి నాకు బాగా గుర్తుంది. 64 పూసల గొలుసు, పొట్టి ఆకర్షణ. వేడి నుంచి చల్లబరుస్తూ వస్తే మార్పు ఒక ఉష్ణోగ్రత దగ్గర కనిపించింది. గ్రాఫు నున్నగా, అందంగా ఉంది. పేపరు రాసేద్దాం సార్ అంది. ఇదే గొలుసును స్ఫటికంగా మొదలుపెట్టి వేడిచేస్తూ రమ్మన్నాను. తెల్లారేసరికి రెండో గ్రాఫు వచ్చింది. మార్పు వేరే ఉష్ణోగ్రత దగ్గర ఉంది, మొదటిదానికి బాగా పైన. రెండు గీతల మధ్య ఖాళీ నోరు తెరుచుకుని ఉంది. అంటే రెండు దారుల్లోనూ గొలుసు సమతాస్థితికి చేరలేదు, మొదలుపెట్టినచోటే చిక్కుకుని ఉంది. మూడు నెలల లెక్క పోయింది. తను పద్ధతి మార్చింది, గొలుసు బంధాలను తెంచి మరోచోట కలిపే కదలికలు చేర్చింది. ఆ తర్వాత శక్తి గీత రెండు మట్టాల మధ్య గెంతడం మొదలుపెట్టింది. కాసేపు పైన, కాసేపు కింద, మధ్యలో ఎక్కడా ఆగకుండా. చల్లబరిచినా వేడిచేసినా ఒకే ఉష్ణోగ్రత. మొదటి శ్రేణి మార్పుకు, అంటే ఒక్క గెంతు మార్పుకు, అంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదు.

పెట్టిందే వచ్చేదైతే మొదటి గ్రాఫే చివరి గ్రాఫు అయ్యేది. యంత్రం మాది తప్పని చెప్పింది. మేం అనుకున్నదాన్ని కాదని చెప్పగలిగినదాన్ని ప్రయోగం అనకుండా ఇంకేమనాలి?

ఆ వైవాలో అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. రెండు దారుల్లో జవాబు ఒకటేనా? గొలుసు పొడవు రెట్టింపు చేస్తే ఏమైంది? ఆకర్షణ దూరం కాస్త మారిస్తే ఆ గెంతు నిలుస్తుందా? వీటికి జవాబు చెప్పలేని థీసిస్‌ను నిలిపివేయండి, నేనూ మీ పక్కనే ఉంటాను. ఆ అమ్మాయి దగ్గర ఈ మూడింటికీ జవాబులున్నాయి, ఎవరూ అడగలేదు.

రేపు మరో పిల్ల మీ ముందుకొచ్చి స్లైడు తెరుస్తుంది. ఆ సామెత నోటిదాకా వస్తే ఒక గళ్ల కాగితం తెప్పించుకోండి. ఆరు పూసలకు ఆకారాలు 284. తగిలేవి ఎన్నో, క విలువ ఎంత దగ్గర సగం గొలుసులు ముడుచుకుంటాయో, లెక్కపెట్టకుండా ముందు చెప్పండి. తర్వాత లెక్కపెట్టి చూడండి.